కమలాపండు రంగు గొంతు

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. ఆ మాట అనగానే మీ కళ్ళ ముందు పల్చగా, నల్లగా, పరీక్ష అట్టలా ఉండే వస్తువొకటి మెదిలి ఉంటుంది. అది నేను కాదు. నేను లావుగా, గుండ్రంగా ఉంటాను. రంగు కమలాపండు రంగు. వెనక వైపు ఒక పిడి, అంచుల చుట్టూ మెత్తటి రబ్బరు. ప్రస్తుతం పాలకొల్లులో ఒక డాబా ఇంటి అటక మీద, రెక్క విరిగిన టేబుల్ ఫ్యానుకూ బొమ్మల కొలువు పెట్టెకూ మధ్య నా కాపురం. కరెంటు లేకుండా ఇదంతా ఎలా చెబుతున్నావని అడక్కండి. పలకరించేవాళ్ళు లేని చోట వస్తువులకైనా లోపల మాటలు పేరుకుపోతాయి.

నేను పుట్టింది సముద్రాల అవతల. ఆ రోజుల్లో కంప్యూటర్లన్నీ బూడిద రంగులో, ఆదివారం కూడా ఆఫీసుకి రమ్మన్న గుమాస్తాల్లా మొహాలు వేలాడేసుకుని ఉండేవి. ఇంట్లో వాడుకునే కంప్యూటరుకి అంత ఏడుపు మొహం ఎందుకని కొంతమందికి అనిపించింది. వాళ్ళు థర్మోకోల్ లాంటి నురుగు దిమ్మల్ని చెక్కి, నా ఆకారాలు రకరకాలుగా చేసుకుని, ఒళ్ళో పెట్టుకుని, చంకలో పెట్టుకుని, ఒకటీ నచ్చక మళ్ళీ చెక్కారు. లోపలి నుంచి వెలుతురు తొంగిచూస్తున్నట్టుండే ఆ ప్లాస్టిక్ కుదరడానికి ఎన్ని డబ్బాల రంగు పారబోశారో నాకు తెలుసు. పిడి దగ్గర మాత్రం పెద్ద గొడవే జరిగింది. బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, తీసెయ్యమన్నారు పైవాళ్ళు. ఒకాయన ఒప్పుకోలేదు. పిడి మోయడానికి కాదు, కంప్యూటరంటే జంకేవాళ్ళు కూడా పిడి కనబడితే చెయ్యి వేస్తారు అన్నాడు. ఆయన మాటే నెగ్గింది. నన్ను తయారుచేసిన వాళ్ళలో నాకు గుర్తుండిపోయిన మనిషి ఆయనే.

బయటికొచ్చాక తెలిసింది లోకం సంగతి. ఒక పత్రికాయన నన్ను మరుగుదొడ్డి మూతతో పోల్చాడు. ఇంకొకాయన ఆడపిల్లల అలంకరణ పెట్టె అన్నాడు. పిల్లలు మాత్రం దుకాణాల్లో నన్ను వదిలిపెట్టేవాళ్ళు కాదు, అమ్మానాన్నలు రెక్క పట్టుకుని లాక్కెళ్ళాల్సి వచ్చేది. మనుషుల తీరు నాకు అక్కడే కొంత అర్థమైంది. మనసుకి నచ్చిన దాన్ని ముట్టుకుని చూసి, పక్కవాడు నవ్వని దాన్ని కొనుక్కుని ఇంటికి వెళతారు.

హైదరాబాదులో ఒక ప్రకటనల కంపెనీ యజమాని నన్ను సరదాపడి తెప్పించుకున్నాడు. తన బల్ల మీద, వచ్చినవాళ్ళకి ఎదురుగా పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళు ముందు నా గురించే అడిగేవారు, తరవాత నవ్వేవారు. బ్యాంకు అధికారులు వచ్చే రోజున ఆయన నన్ను తీసి బీరువాలో పెట్టేవాడు. రంగు చూసి ముచ్చటపడి తెచ్చుకున్న మనిషే ఆ రంగుకి సిగ్గుపడుతుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. మరింత పల్చటి మోడల్ రాగానే నన్ను పాతసామాను వ్యాపారికి ఇచ్చేశారు. అక్కడి నుంచి పాలకొల్లులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్న ఒకాయన నన్ను కొన్నాడు, అద్దాల కిటికీలో పెడితే దారినపోయేవాళ్ళు ఆగి చూస్తారని.

చూశారు. మెయిన్ రోడ్డు మీద సైకిళ్ళు ఆపి మరీ చూశారు. హార్మోనియం పెట్టె అన్నారు, బ్యూటీ పార్లరు సామానన్నారు, ఒకావిడ అయితే లోపలికొచ్చి ఇడ్లీలు ఎన్ని పడతాయని అడిగింది. లోపల వరసగా పెట్టిన పెద్ద పెద్ద కంప్యూటర్ల ముందు కుర్రకారు లెక్కలూ టైపూ నేర్చుకునేవాళ్ళు. నా మీద ఏ కోర్సూ లేదు. దసరాకి పనిముట్లకు పూజ చేసేటప్పుడు అన్నిటికంటే పెద్ద బంతిపూల దండ నాకే వేసేవారు. మర్నాడు ఎండిన దండ తీసేసి, మళ్ళీ ఏడాది దాకా నా వంక చూసేవారు కాదు. ఎండ తగిలి ఒక పక్క రంగు కాస్త వెలిసింది. బ్యాటరీ కూడా అక్కడే చచ్చిపోయింది. అప్పటి నుంచి గోడకి తగిలిస్తేనే నాకు ప్రాణం.

అక్కడ పాఠాలు చెప్పే ఝాన్సీ ఒక్కతే నన్ను తలుచుకునేది. నాకు చదివి వినిపించే విద్య ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఒక మీట నొక్కితే, ముక్కుతో మాట్లాడే దొరసాని గొంతుతో పైకి చదువుతాను. అప్పుడప్పుడూ నన్ను బయటికి తీసి, ఇంగ్లీషు మాటలు ఎలా పలకాలో పిల్లలకి నా చేత చెప్పించేది. పిల్లలు నన్ను వెక్కిరిస్తూ ముక్కులు మూసుకుని పలికేవాళ్ళు. అయినా సరే, ఎవరైనా నా మాట వింటున్నారంటే ఆ పూటంతా నాకు సంతోషంగా ఉండేది.

అలాంటి ఒక పూట మంగతాయారు వచ్చింది.

ఆవిడ, భర్త పేర్రాజు గారు, ఆయన షష్టిపూర్తికి శుభలేఖలు కొట్టించుకోవడానికి వచ్చారు. ఆయన కొబ్బరికాయల వ్యాపారి, మితభాషి. ఆవిడ మెడ చుట్టూ పైట కొంగు నిండా కప్పుకుని, చేతిలో పిల్లల పలక పట్టుకుని ఉంది. ఏం కావాలన్నా బలపంతో రాసి చూపిస్తోంది. అంతకుముందు ఏడాది గొంతులో పుండు లేచి, కాకినాడలో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారట. మెడ కింద చిన్న రంధ్రం, ఊపిరి అందులోంచే. మాట లేదు. మెడకి ఆనించుకుని మాట్లాడే పరికరం ఒకటి డాక్టర్లు చూపించారు గానీ, ఆ శబ్దానికి తనకే ఒళ్ళు జలదరించి వద్దనేసింది.

ఈ సంగతులన్నీ నాకు తరవాత తెలిశాయి. ఇంకో సంగతి కూడా తెలిసింది. మాట పోకముందు ఆ పేటలో మంగతాయారు నోరంటే నోరే. ఎవరింట్లో పెళ్ళయినా, వ్రతమైనా పేరంటం పిలుపులకి ఆవిడని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. గుమ్మంలో నిలబడి ఆవిడ ఒక్కసారి పిలిచిందంటే జ్వరంతో పడుకున్నవాళ్ళు కూడా లేచి వచ్చేవారట. బొట్టు పెట్టి, పేరు పెట్టి, నోరారా పిలిస్తేనే పిలుపు, మిగతావన్నీ చాకిరీ తప్పించుకునే వేషాలు అనేది. అందుకే సొంత తోటికోడలు సత్యవేణి గృహప్రవేశానికి ఎవరి చేతో శుభలేఖ పంపించిందని, ఆ గడప తొక్కలేదు. కార్డుముక్క పంపిస్తే పరిగెత్తుకొచ్చే మనిషినా నేను అని నలుగురిలో అనేసింది. ఆ మాట సత్యవేణికి చేరింది. ఒకే ఊళ్ళో, నాలుగు వీధుల అవతల ఉంటూ అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆపరేషన్ అయినప్పుడు కూడా, చెప్పనిదే ఎలా వెళతానని సత్యవేణి ఇంట్లోనే కూర్చుంది. చెప్పకపోతే రాకూడదా అని మంగతాయారు ఆసుపత్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడు తన భర్త షష్టిపూర్తి. ఇంటి కోడళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి చేయాల్సిన పని. సత్యవేణిని పిలవాలి. నోటితో పిలవకపోతే పిలుపే కాదన్నది తనే. పలక మీద రాసి చూపిస్తే అంతకంటే నవ్వులపాటు ఉండదు.

ఝాన్సీ నా చేత ఏదో ఇంగ్లీషు పాఠం చదివిస్తుంటే మంగతాయారు తల గిరుక్కున తిప్పింది. దగ్గరికొచ్చి పలక మీద రాసింది, ఇది తెలుగు మాట్లాడుతుందా అని.

"లేదండీ పిన్నిగారూ, దీనికి ఇంగ్లీషు ఒక్కటే వచ్చండి" అంది ఝాన్సీ.

మంగతాయారు ఒప్పుకోలేదు. పిడి పట్టుకుని నన్ను తన వైపు లాక్కుంది. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొట్టింది. ఝాన్సీ మీట నొక్కింది. నేను చదివాను.

"ఏవండీ."

"ఆఁ, ఏంటీ?" అన్నారు బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పేర్రాజు గారు, తల ఎత్తకుండానే.

అంతలో ఆయనకి ఏం జరిగిందో అర్థమైంది. పేపరు కిందికి దించి భార్య వైపు చూశారు. ఆవిడ నా వైపు చూస్తోంది. ఝాన్సీ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి కళ్ళు తుడుచుకుంది. అంతమంది చేతుల్లో పడి వచ్చాను గానీ, నేను అన్న మాటకి ఒక మనిషి పలికింది అదే మొదలు. ఆ సాయంత్రమే వాళ్ళు నన్ను ఇంటికి తీసుకెళ్ళారు. కిటికీ ఖాళీ అయినందుకు ఇన్‌స్టిట్యూట్ యజమాని సంతోషించాడు కూడా, అక్కడ సెల్‌ఫోన్లు పెట్టుకోవచ్చని.

తరవాత మొదలైంది నా చదువు. ఝాన్సీ రోజూ వచ్చి కూర్చునేది. నా నాలిక తెలుగుకి తిరిగేది కాదు. "రండి" అంటే ఎవరినో బెదిరిస్తున్నట్టుండేది, "అక్కయ్యగారూ" అంటే తుమ్మినట్టుండేది. మంగతాయారు చెవి ఆనించి వినేది. తల అడ్డంగా ఊపేది. ఒక అక్షరం తీసి ఇంకోటి వేసేది, ఒక చోట సాగదీసేది, ఒక చోట చుక్కలు పెట్టి నన్ను ఊపిరి పీల్చుకోనిచ్చేది. ఆవిడ నోరు కూడా నాతోపాటే కదిలేది, శబ్దం లేకుండా. నేను సరిగ్గా పలికినప్పుడు అరచేత్తో నా మూత మీద ఒక్కటి చరిచేది. ఆ దెబ్బల కోసం ఎదురుచూడటం అలవాటైపోయింది నాకు.

పిలుపులకి బయలుదేరిన రోజు చెప్పి తీరాలి. ముందు ఆవిడ, చేతిలో కుంకుమ భరిణె. వెనక ఝాన్సీ, ఒక చేత్తో నన్నూ ఇంకో చేత్తో జంక్షన్ బాక్సునీ మోస్తూ. ఏ ఇంటికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే.

"పిన్నిగారు పిలవడానికొచ్చారండి. ప్లగ్గు ఎక్కడుందో చూపించండి."

ఆ ఇంటివాళ్ళు హడావిడిగా ఫ్రిజ్జుదో, టీవీదో ప్లగ్గు పీకి ఇచ్చేవారు. నేను మేలుకునేదాకా అందరూ ఊపిరి బిగబట్టి నిలబడేవారు. అప్పుడు మంగతాయారు ఆ ఇంటావిడ పేరు కొట్టేది, పిల్లల పేర్లు కొట్టేది, ఒక్కరినీ మర్చిపోయేది కాదు. నేను పిలిచేదాన్ని. కొందరు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయారు. ఒకావిడ, "అయ్యబాబోయ్, మంగతాయారుకి ఇంగ్లీషు దయ్యం పట్టింది" అని అరిచింది. సందు చివర ఉండే ముసలావిడ అచ్చాయమ్మ గారు మాత్రం నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, లోపలికెళ్ళి కుంకుమ తెచ్చి, మంగతాయారుకి పెట్టి, వంగి నా మూత మీద కూడా ఇంత బొట్టు పెట్టింది.

"దానికెందుకండీ మామ్మగారూ!" అంది ఝాన్సీ.

"భలేదానివే. పిలిచింది అది కదే! పిలిచిన నోటికి బొట్టు పెట్టకుండా ఎలా పంపేస్తాను?"

మరుగుదొడ్డి మూత అన్న పత్రికాయన ఆ సమయానికి అక్కడ ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపించింది.

ప్రతి ఇంట్లో కాఫీ అని, కబుర్లని ఆలస్యమైపోయి, సత్యవేణి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం కరెంటు కోత మొదలైంది. మేము గేటు తీస్తుండగానే లోపల ఫ్యాను మెల్లగా ఆగిపోవడం నాకు వినబడింది. వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది సత్యవేణి. సన్నగా, పొడుగ్గా ఉంది. తోటికోడలిని చూసి లేచి నిలబడింది. రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. కుర్చీ ముందుకు జరిపింది.

"పిన్నిగారు షష్టిపూర్తికి పిలవడానికొచ్చారండీ..." అని ఝాన్సీ మొదలుపెట్టింది.

మంగతాయారు చెయ్యెత్తి ఆపింది.

"నువ్వెందుకమ్మా చెప్పడం? పిలిచేవాళ్ళే పిలవాలి. అది ఆవిడ పెట్టిన రూలే కదా" అంది సత్యవేణి, చాప వైపు చూస్తూ.

కరెంటు ఎప్పటికో గాని రాదు. ఇంకెవరైనా అయితే మళ్ళీ వస్తామని లేచి వెళ్ళిపోయేవారు. మంగతాయారు నన్ను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఈ ఒక్క గుమ్మంలో మాట చెల్లకపోతే ఊరంతా పిలిచిన పిలుపు ఆవిడకి దండగే. సత్యవేణి ఈనెలు తీస్తోంది. కాసేపు చూసి, మంగతాయారు నన్ను ఝాన్సీకిచ్చి, కుర్చీ దిగి చాప మీద కూర్చుని, తనూ ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. ఇద్దరి మధ్యా గిన్నె నిండుతోంది.

వంగినప్పుడు ఆవిడ మెడ మీది కొంగు జారింది. ఆ రంధ్రం సత్యవేణి కంటబడింది. ఆపరేషన్ అని వినడం వేరు, చూడటం వేరు. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ లేచి లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి తోటికోడలి పక్కన పెట్టింది. ముక్కు ఎర్రగా ఉంది. అప్పుడు కూడా మాట్లాడలేదు. మొదటి మాట తనది కాకూడదన్న పట్టుదల ఎంత గట్టిదో, అది విడిపోవాలన్న కోరిక కూడా అంత గట్టిగానూ ఉంది ఆ మొహంలో.

ఫ్యాను తిరిగింది. ఝాన్సీ పరిగెత్తి నాకు ప్లగ్గు పెట్టింది. నేను లేవడానికి చాలాసేపు పడుతుంది, ఆ రోజు నా మీద నాకే విసుగొచ్చింది. సత్యవేణికి చెప్పాల్సిన పిలుపు మేము అన్నిటికంటే ఎక్కువ సాధన చేశాం. బావగారి షష్టిపూర్తి, నువ్వూ మరిదిగారూ పిల్లలూ ముందు రోజే రావాలి, నువ్వు లేకపోతే నా చెయ్యి ఆడదు. అంతా నాకు కంఠతా వచ్చు. మంగతాయారు నన్ను తెరిచి ఒక్క క్షణం ఆగింది. తరవాత గబగబా వేరే ఏదో కొట్టడం మొదలెట్టింది. నాకు కంగారు పుట్టింది గానీ చదవక తప్పదు.

"ఏమే... సత్యవేణీ! ఇంతసేపు కూర్చోబెట్టావు. కాఫీ పెట్టవా?"

సత్యవేణి ఉలిక్కిపడి నన్ను చూసింది. తరవాత ఆవిడని చూసింది. పెదాలు బిగబట్టింది గానీ ఆగలేదు. నవ్వు మొదలై, అది మధ్యలోనే ఏడుపైపోయింది.

"గొంతు మారింది గానీ నువ్వు మారలేదక్కా! అదే దెప్పు! అవే మాటలు!"

మంగతాయారు నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. ఆ రోజు చాలాసేపు కదిలాయి. కాఫీ తాగాక పిలుపు పద్ధతిగానే జరిగింది, బొట్టూ పెట్టారు. సత్యవేణి ముందు రోజే వచ్చి వంటింటి పెత్తనమంతా నెత్తిన వేసుకుంది. షష్టిపూర్తిలో నేను పీటల పక్కన గోడవార స్టూలు మీద ఉన్నాను. పురోహితుడు అడిగిన గోత్రనామాలు కూడా మంగతాయారు నా చేతే చెప్పించబోయింది, పేర్రాజు గారు వద్దన్నారు.

నా జీవితంలో బాగున్న రోజులంటే ఆ తరవాతవే. హాల్లో ప్లగ్గు పక్కన ఆవిడకో కుర్చీ, నాకో బల్ల. కూరలమ్మిని బేరమాడాలన్నా, భర్త మీద విసుక్కోవాలన్నా గోడ దగ్గరికి రావాలి. కరెంటు పోతే ఇద్దరికీ మాట పోయేది. సత్యవేణి వారం వారం వచ్చేది. వాళ్ళిద్దరూ కూర్చుంటే నాకు ఊపిరి సలిపేది కాదు. వదినగారి కోడలి దగ్గర్నుంచి వంకాయ పులుసులో బెల్లం దాకా వాదించుకునేవారు. అన్న మాట వెంటనే చెరిపేసేది మంగతాయారు. అనేశాక ఇంకా దాచుకోవడం ఎందుకు అన్నట్టు. అందువల్ల నాలో ఆవిడ మాటొకటీ మిగల్లేదు.

కొన్నేళ్ళకి పేర్రాజు గారు ఆవిడకో ఫోను కొనిచ్చారు. అది చక్కటి తెలుగు మాట్లాడుతుంది, ఎక్కడికంటే అక్కడికి వెళుతుంది, గోడతో పని లేదు. ఆవిడ మళ్ళీ బజారుకి వెళ్ళింది, బస్సెక్కింది, గుడి మెట్ల మీద కూర్చుని నలుగురితో మాట్లాడింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆవిడ గోడ వదిలి నడిచి వెళుతుంటే చూసి సంతోషించానన్నది కూడా అబద్ధం కాదు. రోజుల తరబడి నా మూత తెరిచేవారు కాదు. ఇల్లంతా వాళ్ళ అలికిడి వినబడుతూ ఉండేది, నన్ను మాత్రం ఎవరూ పిలిచేవారు కాదు.

సత్యవేణికి ఆ ఫోను గొంతు పడలేదు.

"ఆ గొంతుతోనే బ్యాంకువాళ్ళు కూడా ఫోన్ చేస్తున్నారక్కా. నాకొద్దది. నీ గొంతు తియ్యి" అనేది.

దాంతో సత్యవేణి వచ్చిన రోజు మాత్రం నా మీది గుడ్డ తీసేవారు. ఆ రోజు కోసమే మిగతా రోజులన్నీ గడిపేవాణ్ణో, గడిపేదాన్నో. నన్ను ఆడ అనాలో మగ అనాలో ఆ ఇంట్లో ఎవరికీ తేలలేదు, నాకూ తేలలేదు. మంగతాయారు ఒడిలో ఉన్నంతసేపూ ఆ సందేహం రాలేదు.

ఆ జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. కాకినాడ ఆసుపత్రికి ఆవిడ వెంట ఫోను వెళ్ళింది. నేను వెళ్ళలేదు. ఆసుపత్రిలో అంత బరువు ఎవరు మోస్తారు? తాళం వేసిన ఇంట్లో, గుడ్డ కింద, నేనొక్కదాన్నే ఉన్నాను. మళ్ళీ తలుపు తీసేసరికి ఇల్లంతా చుట్టాలు. ఆవిడ లేదు. ఆ పదిమందిలో ఎవరో నా మీద పూలబుట్ట పెట్టారు, ఇంకెవరో కాఫీ గ్లాసులు పెట్టారు.

కర్మకాండలన్నీ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం సత్యవేణి వచ్చింది. ఝాన్సీని వెంటబెట్టుకుని వచ్చింది. ఝాన్సీ ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటోంది. పేర్రాజు గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఒక్కసారి అక్కలాగా నన్ను పిలిపించమ్మా. చాలు. ఇంకేం వద్దు" అంది సత్యవేణి.

ఝాన్సీ ప్లగ్గు పెట్టింది. నేను లేచాను. ఎప్పుడూ లేనంత తొందరగా లేవాలని ప్రయత్నించాను. ఆ పిల్ల జాగ్రత్తగా పేరు కొట్టింది, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

"సత్యవేణీ" అన్నాను.

సత్యవేణి కాసేపు ఎదురుచూసింది, ఇంకా ఏదో ఉందన్నట్టు.

"అక్క అలా పిలవదమ్మా."

ఝాన్సీ మార్చింది. ముందు 'ఏమే' చేర్చింది. అన్నాను. కాదంది సత్యవేణి. సాగదీసింది, కుదించింది, వేగం తగ్గించింది, పెంచింది. అన్నీ అన్నాను. గొంతు అదే, ఆ ముక్కు దొరసాని గొంతే, ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో పోట్లాడిన గొంతే. కానీ గది నిండా నేను ఒక్కదాన్నే వినబడుతున్నాను. పేర్రాజు గారు తల అటు తిప్పుకున్నారు.

నాకు అప్పుడు తెలిసింది. మంగతాయారుకి గొంతు ఇచ్చింది నేనేనని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. నేనిచ్చింది చప్పుడు. తిట్టేముందు ఆవిడ ఎంతసేపు ఆగేదో, పేరు చివర ఎంత సాగదీసి ఎక్కడ తెంపేదో, అదంతా ఆవిడ వేళ్ళలో ఉండేది. ఆ పిలుపు ఎలా ఉండేదో నాకు బాగా గుర్తుంది. ఎన్ని చుక్కలు పెట్టేదో, ఏ అక్షరం మీద రెండుసార్లు నొక్కేదో, అన్నీ గుర్తున్నాయి. ఝాన్సీ వేలు ఆ మీట పక్కనుంచే పోతోంది. అది కాదమ్మా, దాని పక్కది, అని చెబుదామంటే, ఎవరైనా నొక్కితే గాని నాకు మాట రాదు.

"ఇంకోలా చూస్తానండీ, ఉండండి" అంది ఝాన్సీ, ఏడుపు గొంతుతో.

"వద్దులేమ్మా, ఆపెయ్యి." సత్యవేణి ముందుకు వంగి, కొంగుతో నా మూత మీది దుమ్ము తుడిచింది. చాలా మెత్తగా తుడిచింది. "దాన్నెందుకు యాతన పెట్టడం. మిషను పాపం. దానికేం తెలుసు?"

తెలుసు సత్యవేణీ, అందామనుకున్నాను. ఆవిడ అప్పటికే ప్లగ్గు తీసేసింది.